అత్త జంటమాటలు, దామోదరం మామ పుస్తకం

నేను పాఠం చెప్పే కాలేజీ నుంచి నడిచి వచ్చే దారిలో, జెరాక్సు అంగడి పక్క సందులో, ఒక ముసలాయన ఇప్పటికీ చేత్తో పుస్తకాలు కుట్టి అట్టలు కడుతుంటాడు. మైదాపిండిలో చిటికెడు మైలతుత్తం వేసి ఉడికించిన జిగురు వాసన సాయంత్రం ఎండలో సందంతా పరుచుకుని ఉంటుంది. అందరికీ అది పుల్లటి పిండి వాసన. నాకు మాత్రం అది ముక్కుకు తగిలితే పళ్లు బిగుసుకుంటాయి. కోసపాళయంలో మా ఇంటి వీధి అరుగు, మేం తిణ్ణె అనేవాళ్లం, దాని మీద పదకొండేళ్ల పిల్లనై కూర్చుంటాను. పక్కన అత్త ఉంటుంది. ఎదురుగా కాఫీ లోటా పట్టుకుని దామోదరం మామ ఉంటాడు. ఆ మనిషి మీద అప్పుడు పుట్టిన కోపం ఇన్నేళ్లలో ఒక్క పిసరు తగ్గకుండా మళ్లీ లేచి కూర్చుంటుంది. చిన్ననాటి సంగతులు తలుచుకుంటే మనసు మెత్తబడుతుందని రాసేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యం వేస్తుంది. నా చిన్ననాడంతా నాకు పగతోనే గుర్తు.

మా పూర్వీకులు ఎప్పుడో ఏడెనిమిది తరాల కింద తెలుగు నేల వదిలి ఈ తమిళ పక్కకు వచ్చి కిరుమాంబాక్కం దగ్గర నేల సాగుచేసుకున్నారు. తాత కాలానికి, అప్పట్లో ఫ్రెంచివాళ్లు ఏలే పట్నంలోకి మారాం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, వీధిలోకి దిగితే తమిళం, తాత తన ఈడు వాళ్లతో మాట్లాడుతుంటే నడుమ నడుమ ఫ్రెంచి ముక్కలు దొర్లేవి. తెలుగు మాట్లాడడమే గాని చదవడం, రాయడం మా ఇంట్లో ఎవరికీ రాదు. చాకలి పద్దు, పండగ వంటల జాబితా, ఊళ్లో బంధువులకు రాసే ఉత్తరం, అన్నీ తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో పెట్టి రాసుకునేవాళ్లం. అందులో తప్పుందని కూడా మాకు తెలియదు. నేను తెలుగు అక్షరాలు దిద్దుకున్నది ముప్పై ఏళ్లు దాటాక, పంతం పట్టి. ఆ పంతం ఎందుకో కిందికి పోయేకొద్దీ మీకే తెలుస్తుంది.

అత్త అంటే మా నాన్నకు అక్క, పేరు రాజమ్మ. పెళ్లైన రెండేళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. దానికి ముందు కన్యాస్త్రీల బడిలో పదకొండో తరగతి దాకా చదివింది, ఇంగ్లీషులో ఎప్పుడూ తనే మొదట వచ్చేదట. మా ఇంట్లో ఆమెను పొద్దున్నే చూడాలంటే పెరట్లో చూడాలి. మునగచెట్టు కింద రోటి దగ్గర కూర్చుని ఒక చేత్తో పిండి రుబ్బుతూ, ఇంకో చేత్తో పచారీ సామాన్లు చుట్టి వచ్చిన ఇంగ్లీషు పేపరు ముక్కల్ని మోకాలి మీద చదును చేసుకుని చదివేది. వాక్యం సగంలో చిరిగిపోయి ఉంటే మిగతా సగం తనే కల్పించుకునేది. మేం ఏటేటా వాడగా మిగిలిన నోట్‌బుక్కుల తెల్లకాగితాలన్నీ చించి, పొందిగ్గా పేర్చి, గోనెసంచి సూదితో కుట్టి, మైదా జిగురుతో గోధుమరంగు అట్ట అతికించి, వాటిలో ఇంగ్లీషు మాటల్ని జతలు జతలుగా రాసుకునేది. ఒకేలా కనిపించి ఒకటి కాని మాటలు. వాటి మధ్య తేడా ఏమిటో తెలుగులో, తమిళ అక్షరాలతో.

సాయంత్రం అయిదు కొట్టేసరికి వీధి పిల్లలందరూ తిణ్ణె మీదికి చేరేవాళ్లు. కురుచికుప్పం నుంచి చేపల బుట్ట ఎత్తుకుని వచ్చే ఒకామె కూతురు సెల్వి కూడా వచ్చేది. నా క్లాసే, నా ఈడే. మా ఇంటి తెలుగు నాకంటే గట్టిగా మాట్లాడేది. అత్త దగ్గర బెత్తం లేదు, ఎక్కాలు లేవు. ఒక్కో వారం ఇద్దరిద్దరు పిల్లలకు ఒక జంటమాట పేరుగా పెట్టేది. ఆ వారమంతా ఆ పేరుతో పిలిస్తేనే పలకాలి, ఆ మాట చెప్పినట్టే నడుచుకోవాలి. నేను ఒక వారం బారో, సెల్వి లెండ్. పొద్దున్నే పక్కింటికి పోయి పెరుగులోకి తోడు అడిగి తేవడం నా పని. ఎవరైనా మా ఇంటికి ఏదైనా అడగడానికి వస్తే ఇచ్చి పంపడం సెల్వి పని. ఏడు రోజులు ఆ గిన్నె పట్టుకుని తిరిగాక, అడిగి తెచ్చుకోవడానికీ అడిగితే ఇవ్వడానికీ ఉన్న తేడా చచ్చేదాకా మరిచిపోతామా? పెళ్లిళ్లై పిల్లలు పుట్టాక కూడా మా వీధిలో ఒకడిని లిజన్ అనీ, వాళ్ల తమ్ముణ్ణి హియర్ అనీ పిలిచేవాళ్లు.

మండే ఎండలో మమ్మల్ని మునగచెట్టు కింద నిలబెట్టి, చెట్టు ఇచ్చేది షేడ్, అందులో కూర్చోవచ్చు, నీ కాళ్ల దగ్గర పడి ఉండేది షాడో, అందులో కూర్చోమంటే ఎట్లా కూర్చుంటావు, అని అడిగేది. మాసి మగం పండగ నాడు ఊరేగింపుగా వచ్చిన దేవుళ్లందరికీ సముద్రంలో స్నానాలు చేయించే తొక్కిసలాటలో, మామిడికాయ కొబ్బరి వేసిన సుండల్ గుగ్గిళ్ల పొట్లం చేతిలో ఉండగా, మమ్మల్ని తీసుకుపోయి గట్టున కూర్చున్న చేపల ఆడవాళ్లను చూపించేది. పడవ కోసం వాళ్లు కూర్చుని ఉండడం వెయిట్, చేప పడి ఉంటుందని మనసులో అనుకోవడం ఎక్స్‌పెక్ట్ అనేది. అప్పిసి నెలలో, అంటే దీపావళి రోజుల్లో, వాన పట్టి ఇల్లంతా తడిబట్టల వాసన కొడుతుంటే, మా చెవులు మూసి తెరిచి దూరాన సముద్రం హోరు వినిపించేది. వద్దన్నా వినబడేది హియర్, చెవి పెట్టి వినేది లిజన్. ఆడి, అంటే ఆషాఢంలో, అమ్మవారికి పోసిన రాగి అంబలి వెల్లుల్లి కారంతో తాగుతూ, పిల్లి ఎవరూ చూడకుండా పాలు తాగిపోతే స్టీల్, కాకి నీ చేతిలోని వడను తన్నుకుపోతే రాబ్, అని చెబితే మేమంతా కాకుల్ని రాబర్ అని తరిమేవాళ్లం.

ఇంగ్లీషు పుస్తకాలు నేను తరవాత బోలెడు చదివాను, చదివించాను. అంత పొందిగ్గా మాటకు చోటు చూపించిన వాళ్లను నేను మళ్లీ చూడలేదు. ఇది నేను మేనకోడలిగా చెప్పడం లేదు, ఇరవై ఎనిమిదేళ్లు ఆ పాఠమే చెప్పిన మనిషిగా చెబుతున్నాను.

ఇక దామోదరం మామ. మా అమ్మకు పెదనాన్న కొడుకు, మా స్కూల్లోనే పెద్ద తరగతులకు ఇంగ్లీషు మాస్టరు. గంజి పెట్టిన తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, నూనె పెట్టి నున్నగా దువ్విన తల. రోజూ అయిదు గంటలకు మా తిణ్ణె ఎక్కేవాడు. అత్త ఆయనకు కాఫీ ఇచ్చేది గాని పలహారం పెట్టేది కాదు. ఆకు వేసి వడ్డించాల్సినవాడు గెస్ట్, కాఫీతో పోయేవాడు విజిటర్ అని మాకు చెప్పింది ఆయన్ని చూపించే. ఆయనా నవ్వేవాడు. నవ్వుతూనే మేం చెప్పేవన్నీ వినేవాడు. వింటూ వింటూ ఒక రోజు, "వదినా, ఈ నోట్లన్నీ ఇట్ల చెదలకేయడం ఏంది? నా చేతికియ్యి, అచ్చేపిస్తా. పిల్లోళ్లకంతా పనికొస్తాది," అన్నాడు.

అత్త ఆ రోజు రుబ్బిన పిండిలో ఉప్పు వేయడం మరిచిపోయింది. నాలుగు నోట్‌బుక్కులకూ మళ్లీ కొత్త అట్టలు కట్టి, పసుపు బొట్టు పెట్టి ఇచ్చింది. తమిళ అక్షరాల్లో ఉన్న తెలుగును తమిళంలోకి మార్చి, ప్రెస్సుకు ఇచ్చేందుకు శుభ్రంగా తిరగరాయాలి. చేతిరాత బాగుంటుందని మామ ఆ పని నాకు అప్పజెప్పాడు. ఆ వేసవి సెలవులు రెండు నెలలూ నేను ఆయన ఇంటి వరండాలో బోర్లా పడుకుని రాశాను. మోచేతులు ఒరుసుకుపోయాయి, కుడిచేతి వేలికి కాయ కాసింది. ఆ కాయ ఇప్పటికీ ఉంది. అత్త పుస్తకం కదా అని ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. సాయంత్రం ఇంటికి వస్తే అత్త నా వేలికి ఆముదం రాస్తూ, ఎన్నో జంట దాకా వచ్చావని అడిగేది. ఒక రోజు మాత్రం వేరే సంగతి అడిగింది.

"పేరు ఎట్ల ఎయ్యాల పాపా? సి. రాజమ్మ అనా, సి. రాజమ్మాళ్ అనా? ఏది బాగుంటాది?"

"రాజమ్మే బాగుంటాది అత్తా. ఇంట్లో పిలిచేది అదే గదా."

"సరి, అదే చెప్పు మామకి," అని పలక మీద తమిళంలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి ఆ పేరు రాసి, దూరంగా పట్టుకుని చూసుకుంది.

మరునాడే ఆఖరి రోజు. మొదటి పేజీ మామ తనే చెబుతానని, మజ్జిగ తాగి మూతి తుడుచుకుని కూర్చున్నాడు. పుస్తకం పేరు చెప్పాడు, రాశాను. దాని కింద రాసినవారు అని తన పేరు, తన ఇనిషియల్సు, తన డిగ్రీ చెప్పాడు. నా పెన్ను ఆగిపోయింది.

"అత్త పేరు యాడ మామా?"

"ఆడోళ్ల పేరేస్తే ఎవురు కొంటారే? డిగ్రీ ఉండాల. లోపల బంధువులు సాయం చేసినారని ఒక మాట ఏస్తాలే. నువ్వు రాయి."

రాశాను. పదకొండేళ్ల పిల్ల, ఎదురుగా స్కూలు మాస్టరు, రాయక ఏం చేస్తాను? నా చేత్తోనే, ముత్యాలని అందరూ మెచ్చుకునే ఆ రాతతోనే, అత్త పుస్తకానికి ఆయన పేరు రాశాను. ఇది స్టీలా, రాబా అని అప్పుడే, ఆ వరండాలోనే ఆలోచించాను. చూడకుండా తీసుకోలేదు, చేతిలోంచి లాక్కోలేదు. ఎదురుగా కూర్చుని, కాఫీ తాగుతూ, వదినా అని పిలుస్తూ తీసుకున్నాడు. దానికి అత్త నోట్‌బుక్కుల్లో మాట లేదు. ఆమెకు అట్లాంటి మనిషి ఉంటాడని తెలిస్తే కదా రాసిపెట్టడానికి.

ఇంటికి పోయి అత్తకు చెప్పాలి. ఆమె పలక మీది పేరు ఇంకా చెరపలేదు. ఆ పలక చూసి చెప్పకుండానే పోయి పడుకున్నాను. దానికి బదులు మరునాడు మామ దగ్గరికి పోయి, కొన్ని పేజీల్లో ఇంకు మరకలు పడ్డాయి, మళ్లీ రాసి ఇస్తానని చెప్పి కాగితాలన్నీ ఇంటికి తెచ్చుకున్నాను. మధ్యాహ్నం అందరూ చాపలు వేసుకుని నడుం వాల్చినప్పుడు, పెరట్లో రోటి పక్కన కూర్చుని పధ్నాలుగు పేజీలు మార్చి రాశాను. అడిగి తెచ్చుకునేది లెండ్, ఇచ్చేది బారో. కూర్చునేది షాడో, వెంట వచ్చేది షేడ్. ఎక్కడ పరీక్షలో తప్పకుండా అడుగుతారో ఆ జంటలన్నీ ఏరి ఏరి అటు మాటది ఇటు, ఇటు మాటది అటు వేశాను. రివెంజ్, అవెంజ్ అనే జంట ఒకటి ఉంది. తనకు జరిగిన దానికి తీర్చుకునేది మొదటిది, ఇంకొకరికి జరిగిన అన్యాయానికి న్యాయంగా బదులు తీర్చేది రెండోది. ఆ పేజీని నేను ముట్టుకోలేదు. నేను చేసేది రెండోదే అని నాకు అంత నమ్మకం.

"ఏం రాస్తా ఉండావు ఈ ఎండలో?" అని అత్త నిద్రమొహంతో వచ్చి అడిగింది.

"ఇస్కూలు పని అత్తా," అన్నాను. అత్తకు నేను చెప్పిన మొదటి అబద్ధం అది.

మామ ఆ పేజీలు తిరగేసి చూశాడు. నేను గుడ్లప్పగించి ఆయన ముఖమే చూస్తూ నిలబడ్డాను. చూడకుండా పంపించి ఉంటే నాకు ఇంత ఆనందం ఉండేది కాదు. చూశాడు, ఒక్కో పేజీ వేలితో గీటుతూ చదివాడు, బాగుందన్నాడు. ఇరవై ఏళ్లుగా ఇంగ్లీషు చెబుతున్న మాస్టరుకు ఆ తేడాలు తెలియవు. నాకు ఆ క్షణంలో నవ్వు ఆగక నోట్లో గౌను అంచు కుక్కుకున్నాను.

స్కూళ్లు తెరిచాక పుస్తకం వచ్చింది. ఐదు వందల కాపీలు, నీలం అట్ట, ఆయన పేరు బొద్దు అక్షరాల్లో. తాంబూలం పళ్లెంలో పెట్టి ఒకటి అత్తకు తెచ్చి ఇచ్చాడు. అత్త అట్ట చూసింది. చాలాసేపు చూసింది. తరవాత "అచ్చు బాగుండాది" అని లోపలికి పోయి కాఫీ కలిపి తెచ్చింది. ఆయన కాఫీ తాగి పోయాక తిణ్ణె మీద కూర్చుని పేజీలు తిప్పింది. ఒకచోట ఆగి, వెనక్కి పోయి మళ్లీ చదివి, తలెత్తి నా వైపు చూసింది. నేను గోడకు చేరగిలబడి గోళీలు లెక్కపెట్టుకుంటున్నట్టు నటించాను. ఆమె లేచి లోపలికి పోయింది. పుస్తకాన్ని అటక మీద పెట్టేసింది, ఆ రోజు పాఠం చెప్పలేదు.

మామ స్కూల్లో అందరి చేతా ఆ పుస్తకం కొనిపించాడు. మూణ్నెల్ల పరీక్షలు వచ్చాయి. ఆ ఏడే కొత్తగా వచ్చిన హెడ్‌మిస్ట్రెస్ ఇంగ్లీషు పేపర్లు తనే దిద్దింది. క్లాసుకు క్లాసు ఒకే తప్పులు. సెల్వి కూడా అవే తప్పులు రాసింది. ఏడు రోజులు లెండ్‌గా బతికిన పిల్ల, లెండ్ అంటే అడిగి తెచ్చుకోవడం అని రాసి మార్కులు పోగొట్టుకుంది. అత్త చెప్పింది మరిచిపోయావా అని నేను కోప్పడితే, "అచ్చులో ఉండేది తప్పైతాదా?" అని నన్నే అడిగింది. నాకు దాని మీద జాలి వేయలేదు. నిజం చెప్పాలంటే ఎవరి మీదా వేయలేదు. నా కళ్లు ఒక్క మనిషి మీదే ఉన్నాయి.

పిల్లల తల్లిదండ్రులు వచ్చి అడిగారు. హెడ్‌మిస్ట్రెస్ మామను తన గది ముందు వరండాలోకి పిలిచి, మేమందరం కిటికీల్లోంచి చూస్తుండగా, ఆ నీలం పుస్తకం చేతికిచ్చి ఒక పేజీ పైకి చదవమంది. ఆయన చదివాడు. ఇప్పుడు డిక్షనరీ చదవమంది. అదీ చదివాడు. రెండు చోట్లా ఒకే మాట ఉందా అని అడిగింది. నూనె పెట్టిన ఆ నుదుటి మీద చెమట కారడం నేను అంత దూరం నుంచీ చూశాను. పండగ నాడు కొత్త గౌను వేసుకున్నప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు. ఆ తరవాత చాలా రోజులు పిల్లలు ఆయన నడిచి పోతుంటే వెనకనుంచి, "షేడ్ పోతా ఉండాది, షాడో పోతా ఉండాది," అని అరిచేవాళ్లు. ఆ అరుపు మొదలుపెట్టింది నేనే.

వారం తిరగకముందే మామ మా ఇంటికి వచ్చాడు. తిణ్ణె ఎక్కలేదు, పక్క సందులోంచి నేరుగా పెరట్లోకి పోయాడు. అత్త నన్ను మల్లెపూలు తెమ్మని మార్కెట్టుకు పంపింది. నేను తిరిగి వచ్చేసరికి ఆయన లేడు, అత్త మునగచెట్టు కింద ఊరికే కూర్చుని ఉంది. మరునాటి నుంచి మధ్యాహ్నం అన్నం తిని, గొడుగు వేసుకుని, పెన్ను సంచిలో పెట్టుకుని దామోదరం మామ ఇంటికి పోవడం మొదలుపెట్టింది. అమ్ముడుపోకుండా మిగిలినవీ, పిల్లల దగ్గర్నుంచి వెనక్కి తెచ్చినవీ, ఆ ఐదు వందల కాపీల్లో ఒక్కో దానిలో పధ్నాలుగు పేజీలు కొట్టేసి, మార్జిన్లలో సరైన తేడాలు చేత్తో రాసి దిద్దింది. అప్పిసి వానలు పోయాయి, సంక్రాంతి ముందరి మార్గళి ముగ్గులు వచ్చాయి, అయినా దిద్దుతూనే ఉంది. తిణ్ణె మీద పాఠాలు ఆగిపోయాయి. సాయంత్రం వేళ్లన్నీ నీలంగా ఇంటికి వచ్చి, గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టుకుని కూర్చునేది.

నేను తట్టుకోలేకపోయాను. "ఎందుకత్తా ఆ మామకి చాకిరీ చేస్తావు?" అని అడిగితే, "తప్పు తప్పే గదా పాపా. పిల్లోళ్లు చదివేది," అంది. శత్రువుకు సాయం చేస్తోంది. నేను ఎవరి కోసం అంత పని చేశానో ఆ మనిషే నా పనిని ఒక్కో పేజీ కొట్టేసి చెరిపేస్తోంది. ఆ రోజు నుంచి నేను అత్తతో మాట్లాడడం మానేశాను. నలభై రోజులు. అన్నం పెడితే ముఖం తిప్పుకుని తినేదాన్ని, జడ వేస్తానంటే అమ్మ దగ్గరికి పోయేదాన్ని. ఆమె ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. ప్రతి కాపీనీ చేత్తో దిద్దించిన మాస్టరు అని దామోదరం మామకు పోయిన పేరు రెండింతలై తిరిగి వచ్చింది, ఆ తరవాత మా స్కూలుకే హెడ్‌మాస్టరు కూడా అయ్యాడు. తిణ్ణె మీద అత్త మళ్లీ పాఠం చెప్పలేదు. నేను బీయే రెండో ఏడులో ఉండగా పోయింది.

ఆమె పోయినప్పటి నుంచీ నేను ఒకటే దాచుకుంటూ వచ్చాను. ఆ పధ్నాలుగు పేజీలు నేను మార్చాను అని ఆ మనిషి ముఖం మీద చెప్పాలి. ఆయన పోయేలోపల, తెలివి ఉండగా చెప్పాలి. ఆయన్ని దెబ్బకొట్టింది పదకొండేళ్ల ఆడపిల్ల అని తెలిసి ఆ ముఖం ఎట్లా మారుతుందో నేను చూడాలి. రేపు, మాపు అనుకుంటూ వాయిదా వేసింది కూడా భయంతో కాదు, దాచుకున్న తీపిని ఒకేసారి తినేయలేక. పోయిన నెల ఆయనకు ఒంట్లో బాగాలేదని తెలిసి, ఒక సంచి బత్తాయిలు కొనుక్కుని, కడలూరు బస్సెక్కి కిరుమాంబాక్కంలో ఆయన కూతురి ఇంటికి పోయాను.

మంచం మీద ముడుచుకుని ఉన్నాడు. ఎనభై ఏడేళ్లు. తల మీద దువ్వడానికి ఏమీ లేదు. కూతురు కాఫీ తేవడానికి లోపలికి పోగానే కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, మెల్లగా, ఒక్కో మాటా వినబడేట్టు చెప్పాను.

"మామా, ఆ పుస్తకంలో తప్పులన్నీ నేనే రాసినా. కావాలనే రాసినా."

ఆయన ముఖం మారలేదు.

"తెల్సు," అన్నాడు. "ప్రెస్సోడు చేతిరాత కాపీ తిరిగిచ్చినాడు గదా. రాత నీదే. అత్త నోట్లు గూడా నా దగ్గిరే ఉండె. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటి."

నేను కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకున్నాను. "మరి ఎవురికీ ఎందుకు చెప్పలేదు?"

"చెప్పనీకే మీ ఇంటికొచ్చినా. నిన్ను ఇస్కూల్లోనించి తీసేపిస్తానంటి, మీ నాయనకి చెప్తానంటి. మీ నాయన సంగతి నీకు తెల్సు గదా, ఆ దినమే నీ చదువు నిలిపేసుండును. మీ అత్త అనె, పాప పేరు ఎత్తొద్దు దామోదరం, పుస్తకాలన్నీ నా చేత్తోనే దిద్ది ఇస్తా, అది నా పుస్తకమని ఈ జన్మకి ఎవురికీ చెప్పను, అని. దీపం మింద చెయ్యి పెట్టి ఒట్టేసె." ఊపిరి తీసుకోవడానికి ఆగి, మళ్లీ అన్నాడు. "ఇంగోటి గూడా అనె. పాపకి ఇది తెలీకూడదు, అది గెలిచినాననుకోని ఉండాది, అట్లే ఉండనీ, అని."

గోడ మీద ఫ్యాను తిరుగుతోంది. లోపల గిన్నెల చప్పుడు. నేను సంచిలోంచి కాగితం, పెన్ను తీసి ఆయన పక్కన పెట్టాను.

"ఇప్పుడు రాసియ్యండి మామా. ఆ పుస్తకం రాజమ్మదని ఒక్క లైను. సంతకం చెయ్యండి."

ఆయన ఆ కాగితం వైపు చూశాడు. పెన్ను ముట్టుకోలేదు.

"యాడ రాసేది? ఆయమ్మ ఒట్టు ఉండాది గదా. పోయినోళ్ల ఒట్టు నేను దాటొచ్చునా?" అన్నాడు.

నేను కాఫీ తాగకుండా లేచి వచ్చేశాను. మంచంలో ఉన్న ముసలివాడని ఇప్పటికీ నాకు జాలి లేదు. రాదు కూడా. బస్సు దిగి నేరుగా కోసపాళయం పోయాను. మా ఇల్లున్న చోట మూడంతస్తుల కట్టడం లేచి చాలా కాలమైంది. మునగచెట్టు లేదు, రోలు లేదు, తిణ్ణె ఉన్నచోట నాలుగు స్కూటర్లు పెట్టి ఉన్నాయి. ఆ వీధిలో ఇప్పుడు తెలుగు మాట చెవిన పడదు, వెనకటి పిల్లల్లో ఒక్కరూ అక్కడ లేరు. అక్కడే నిలబడి ఇది రాయాలని అనుకున్నాను. ఒట్టు వేసింది అత్త, నేను కాదు. ఆమె నోట చెప్పనన్నది నేను చెబుతున్నాను, మా ఇంట్లో ఎవరికీ రాని అక్షరాలు పంతం పట్టి నేర్చుకున్నది ఎప్పటికైనా ఆమె పేరు ఆమె మాట్లాడిన భాషలోనే రాయాలని. ఆ పుస్తకం రాసింది కోసపాళయం సి. రాజమ్మ. ఇది ఎవరైనా చదివి వినిపిస్తే మామ కూతురు నాకు ఫోను చేసి నాలుగు తిట్లు తిడుతుందని తెలుసు, తిట్టనీ.

దామోదరం మామ లెక్క ఇక్కడికి సరి. కానీ నీలం వేళ్లతో ఇంటికి వచ్చిన మనిషి నుంచి నలభై రోజులు ముఖం తిప్పుకుని తిన్న ఆ పిల్ల మీద అత్త తరఫున పగ తీర్చుకోవడానికి, ఆ ఇంటి వాళ్లు ఎవరూ ఇప్పుడు మిగల్లేదు.